రాజ్యాంగాన్ని పటంగా గీస్తే: గ్రూప్స్ అభ్యర్థుల కోసం చేసిన పని, ఒక కేస్ స్టడీ

పాలిటీ చదివే గ్రూప్స్ అభ్యర్థిని 'ఆర్టికల్ 110 ఏమిటి?' అని అడగండి. తడుముకోకుండా 'ద్రవ్య బిల్లు నిర్వచనం' అంటారు. 'సరే, 109లో ఏముంది, 111లో ఏముంది? ఇవన్నీ ఏ భాగంలో, ఏ అధ్యాయంలో ఉన్నాయి?' అని అడిగితే చాలామంది అక్కడే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు. కోచింగ్ నోట్సులన్నీ 'ముఖ్యమైన ఆర్టికల్స్' పట్టికతోనే మొదలవుతాయి. పట్టికలో 108 తర్వాత 110, దాని తర్వాత 112, ఆపైన 123 ఉంటాయి. ఊళ్లో ఇంటి నంబర్లన్నీ కంఠతా వచ్చినా వీధులు మాత్రం తెలియని పరిస్థితి అది.

రాజ్యాంగం నిజానికి పట్టిక కాదు, చెట్టు. భాగం, భాగంలో అధ్యాయం, అధ్యాయంలో ఉపశీర్షిక, దాని కింద ఆర్టికల్, ఆర్టికల్‌లో క్లాజు, క్లాజులో సబ్ క్లాజు. 1950లో 22 భాగాలు, 395 ఆర్టికల్స్, 8 షెడ్యూళ్లతో మొదలైంది. ఇప్పుడు 25 భాగాలు, 12 షెడ్యూళ్లు ఉన్నాయి, చివరి ఆర్టికల్ నంబరు మాత్రం నేటికీ 395 దగ్గరే ఉంది. మధ్యలో ఎన్ని చేరాయో, ఎన్ని పోయాయో ఆ నంబరు చెప్పదు.

సమాచారాన్ని బొమ్మలుగా మార్చి తెర మీద పెట్టడం నా వృత్తి. ఒక పట్టణ గ్రంథాలయంలోని రీడింగ్ రూమ్‌లో చదువుకునేవాళ్ల కోసం, అక్కడ పాలిటీ చెప్పే మాస్టారితో కలిసి ఈ చెట్టును ఇంటరాక్టివ్ పటంగా చేశాం. దాన్ని ఎలా చేశామో, ఏది ఎందుకు వద్దనుకున్నామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి అమరిక ఉన్న మరే విషయాన్నయినా, అంటే సిలబస్ కావచ్చు, చట్టం కావచ్చు, జీవుల వర్గీకరణ కావచ్చు, పటంగా గీయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నమ్మకం.

ఒకటే షరతు

పని మొదలుపెట్టే ముందు మాస్టారూ నేనూ ఒక్క షరతు పెట్టుకున్నాం. ప్రతి ఆర్టికల్‌కూ పటంలో ఒక చోటు ఉండాలి, ఆ చోటు ఎప్పటికీ కదలకూడదు. ఈరోజు కుడివైపు పైన కనిపించింది రేపు ఎడమవైపు కింద కనిపిస్తే మనసులో ఏమీ నిలవదు. పటం వల్ల లాభమే అది: మనిషి కన్ను చోటును గుర్తుపెట్టుకుంటుంది. పాఠ్యపుస్తకంలో ఒక విషయం 'ఎడమ పేజీలో కింద ఉంది' అని గుర్తుండి, విషయం మాత్రం గుర్తురాని అనుభవం పరీక్షలు రాసిన అందరికీ ఉంటుంది. ఆ చోటు జ్ఞాపకాన్ని అర్థానికి ముడిపెట్టడమే మా పని. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ షరతులోంచే వచ్చాయి.

ఏ ఆకారం?

అందరికీ మొదట తోచేది మైండ్ మ్యాప్. మధ్యలో 'రాజ్యాంగం' అని రాసి, చుట్టూ కొమ్మలు గీస్తారు. ఇరవై ముప్ఫై విషయాల దాకా బాగుంటుంది. నాలుగు వందలు దాటిన ఆర్టికల్స్‌కు అది సరిపోదు. తెరలో ఎక్కువ చోటు గీతలకే పోతుంది, పేర్లకు చోటు మిగలదు.

రెండోది ట్రీమ్యాప్. మేరీల్యాండ్ యూనివర్సిటీలో బెన్ ష్నైడర్మన్ 1990 ప్రాంతంలో దీన్ని ఆలోచించారు. హార్డ్ డిస్క్ నిండిపోతుంటే ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో ఒక్క చూపులో తెలియాలన్నది ఆయన అవసరం. పెద్ద పెట్టెలో చిన్న పెట్టెలు, వాటిలో ఇంకా చిన్నవి. ఇప్పుడు ఎక్కువగా వాడేది 2000లో బ్రూల్స్, హైజింగ్, వాన్ వైక్ చెప్పిన చదరపు పద్ధతి. పెట్టెలు సన్నగా సాగిపోకుండా దాదాపు చదరంగా వచ్చేలా, పెద్దవాటిని ముందు, చిన్నవాటిని తర్వాత పేర్చుతుంది. చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ ఆ పేర్పులో 14 పక్కన 15 ఉండాలన్న హామీ లేదు. రాజ్యాంగంలో వరుస అంటేనే అర్థం. 14 నుంచి 18 దాకా సమానత్వ హక్కు, 19 నుంచి 22 దాకా స్వేచ్ఛా హక్కు, 23, 24 దోపిడీకి వ్యతిరేకంగా. ఆ వరుస చెదిరితే మిగిలేది రంగు పెట్టెలే.

1995లో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రం (పార్క్) పరిశోధకులు చూపించిన హైపర్బోలిక్ ట్రీ కూడా చూశాం. ఏ కొమ్మను నొక్కితే అది మధ్యకు జారి పెద్దదవుతుంది, మిగతావి అంచులకు వెళ్లి చిన్నవవుతాయి. పెద్ద చెట్లను చిన్న తెర మీద తిరగడానికి అది గొప్ప ఆలోచనే. కానీ నొక్కిన ప్రతిసారీ అన్నీ చోటు మారతాయి. మా షరతుకు అది పనికిరాదు. వలయాలుగా ఉండే సన్‌బర్స్ట్‌లో వరుస ఉంటుంది, చోటూ ఉంటుంది. అయితే తెలుగు అక్షరాలను వలయం చుట్టూ తిప్పి రాస్తే చదవడం నరకం. దాన్నీ పక్కన పెట్టాం.

చివరికి ఐసికిల్ దగ్గర ఆగాం. ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు. మొదటి నిలువు వరుసలో భాగాలు, రెండోదాంట్లో అధ్యాయాలు, మూడోదాంట్లో ఉపశీర్షికలు, నాలుగోదాంట్లో ఆర్టికల్స్. పై నుంచి కిందికి 1 నుంచి 395 దాకా తప్పకుండా వరుసే. చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ఒక డిజైనర్ మిత్రుడు 'ఇంకాస్త కళ ఉండాలేమో' అన్నాడు. చదువుకునేవాడికి కావలసింది కళ కాదని నా అభిప్రాయం. అక్కడ ఉన్నది అక్కడే ఉందన్న భరోసా చాలు.

ఇందులో తేల్చుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. రాజ్యాంగం సమానంగా పెరిగిన చెట్టు కాదు. 5వ భాగంలో అధ్యాయాలున్నాయి, వాటి కింద ఉపశీర్షికలూ ఉన్నాయి. 3వ భాగంలో అధ్యాయాలు లేవు, నేరుగా ఉపశీర్షికలే. ప్రాథమిక విధులున్న 4-ఎ భాగంలో ఉన్నది 51-ఎ ఒక్కటే. రాజ్యాంగ సవరణ గురించిన 20వ భాగంలో ఉన్నది 368 ఒక్కటే. వెబ్ పేజీల్లో బొమ్మలు గీసే కోడ్ లైబ్రరీ డి3లోని పార్టిషన్ లేఅవుట్‌కు, అంటే పెట్టెలను పేర్చే పద్ధతికి, ఈ లెక్క ఇస్తే, అధ్యాయం లేని చోట ఆర్టికల్ వచ్చి అధ్యాయాల వరుసలో కూర్చుంటుంది. అది మాకు వద్దు. ఆర్టికల్స్ అన్నీ ఒకే నిలువు వరుసలో ఉండాలి. అందుకని అధ్యాయం లేని చోట భాగం పెట్టెనే కుడివైపు దాకా సాగదీశాం. 368 పక్కన 20వ భాగం పొడవైన పట్టీలా కనిపిస్తుంది. ఆ పట్టీ చూస్తేనే 'ఈ భాగంలో ఇదొక్కటే ఉంది' అని తెలుస్తుంది.

పెట్టె ఎత్తు దేన్ని బట్టి ఉండాలి? పదాల సంఖ్యను బట్టి పెడితే నిర్వచనాలున్న 366 పెద్ద గోడలా అవుతుంది, జీవించే హక్కు చెప్పే 21 గీతలా మారుతుంది. 21 ఒక్క వాక్యం. దాని బరువు పదాల్లో లేదు. కాబట్టి ప్రతి ఆర్టికల్‌కూ ఒకే ఎత్తు ఇచ్చాం. దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిగింది. 242కూ 244కూ మధ్య పటంలో పెద్ద మైదానం కనిపిస్తుంది. పంచాయతీల 9వ భాగంలో 243 నుంచి 243-ఓ దాకా 16, మున్సిపాలిటీల 9-ఎ భాగంలో 243-పి నుంచి 243-జెడ్‌జి దాకా 18, సహకార సంఘాల 9-బి భాగంలో 243-జెడ్‌హెచ్ నుంచి 243-జెడ్‌టి దాకా 13. ఒకే నంబరు కింద మొత్తం 47 ఆర్టికల్స్. పట్టికలో '243' అని ఒక వరుసగా దాటిపోయేది పటంలో మూడు భాగాలుగా కళ్ల ముందు నిలుస్తుంది.

5, 6 భాగాలు పక్కపక్కన

ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

5వ భాగం కేంద్రానిది, 6వ భాగం రాష్ట్రాలది. రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయని మాస్టార్లు అందరూ చెబుతారు. మేం ఆ రెండు భాగాలనూ తీసి పక్కపక్కన నిలువుగా పెట్టి, ఒకే విషయం చెప్పే ఆర్టికల్స్ ఎదురెదురుగా వచ్చేలా అమర్చాం. జంట లేనిచోట ఎదురుగా ఖాళీ వదిలాం.

అమర్చాక కనిపించింది ఇది. క్షమాభిక్ష: రాష్ట్రపతికి 72, గవర్నర్‌కు 161. తేడా 89. మంత్రిమండలి సలహా: 74, 163. తేడా 89. అటార్నీ జనరల్ 76, అడ్వకేట్ జనరల్ 165. ప్రధాని విధులు 78, ముఖ్యమంత్రి విధులు 167. పార్లమెంటు 79, రాష్ట్ర శాసనసభ వ్యవస్థ 168. లోక్‌సభ నిర్మాణం 81, అసెంబ్లీ నిర్మాణం 170. అనర్హతలు 102, 191. సభ్యుల హక్కులు 105, 194. ద్రవ్య బిల్లు 110, 199. బిల్లులకు ఆమోదం 111, 200. అన్నిటికీ తేడా 89.

తర్వాత బడ్జెట్ దగ్గరకు వస్తే కేంద్రానికి 112, రాష్ట్రానికి 202. తేడా 90 అయింది. ఎందుకు? మధ్యలో 201 ఉంది. గవర్నర్ రాష్ట్రపతి పరిశీలన కోసం పంపిన బిల్లుల సంగతి అందులో ఉంటుంది. కేంద్రంలో రాష్ట్రపతికి పైన మరొకరు లేరు కాబట్టి దానికి జంట లేదు. ఆ ఒక్క పెట్టె వల్ల అక్కడి నుంచి అన్నీ ఒక మెట్టు జరిగాయి. ఆర్డినెన్సులు 123, 213. మళ్లీ 90.

వెనక్కి వెళ్లి చూస్తే, రాష్ట్రపతి పదవి 52, గవర్నర్ పదవి 153. తేడా 101. అక్కడ మొదలైన 101 క్షమాభిక్ష దగ్గరకు వచ్చేసరికి 89కి ఎలా తగ్గింది? కేంద్రం వైపు 61లో అభిశంసన ఉంది, 63 నుంచి మొదలయ్యే ఉపరాష్ట్రపతి ఆర్టికల్స్ ఉన్నాయి. గవర్నర్‌కు అభిశంసన లేదు, ఉప గవర్నర్ పదవీ లేదు. పటంలో ఎదురుగా వరుసగా ఖాళీ గడులు. అంటే నంబర్ల మధ్య తేడాలో కూడా కేంద్రానికీ రాష్ట్రానికీ ఉన్న అధికార భేదం దాగి ఉంది. బట్టీ పట్టేవాడికి ఇది ఎప్పటికీ కనిపించదు.

నంబరు సరిపోయినా విషయం సరిపోని చోట్లు ఇంకా ఆసక్తికరం. 108కి 89 కలిపితే 197. 108 ఉభయ సభల ఉమ్మడి సమావేశం. 197 శాసన మండలి బిల్లును ఎంతకాలం ఆపగలదో చెబుతుంది. కేంద్రంలో రెండు సభలూ విభేదిస్తే కలిసి కూర్చుంటాయి. రాష్ట్రంలో మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆలస్యం చేయగలదు, అంతే. ఒకే సమస్యకు రెండు వేర్వేరు జవాబులు ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1985లో రద్దయి 2007లో తిరిగి వచ్చింది. తెలంగాణలోనూ మండలి ఉంది. మన అభ్యర్థులకు ఇది పుస్తకంలోని మాట కాదు, చుట్టూ జరిగే రాజకీయమే. ఇలాంటి గడులను జంటగా చూపిస్తూనే మధ్యలో గీతను చుక్కలుగా పెట్టాం.

సభాధ్యక్షుల దగ్గర వరుస తలకిందులవుతుంది. కేంద్రంలో ముందు రాజ్యసభ చైర్మన్, డిప్యూటీ చైర్మన్ 89 నుంచి, తర్వాత లోక్‌సభ స్పీకర్ 93 నుంచి. రాష్ట్రంలో ముందు అసెంబ్లీ స్పీకర్ 178 నుంచి, తర్వాత మండలి చైర్మన్ 182 నుంచి. జంట గీతలు అక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపిస్తాయి. రాష్ట్రాలన్నిటికీ మండలి లేదు, అసెంబ్లీ మాత్రం తప్పనిసరి. మాస్టారు ఆ ముడి చూపించి దాని మీదే ఒక క్లాసు మొత్తం చెప్పారు.

ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ గురించిన 148 నుంచి 151 దాకా ఎదురుగా ఏమీ లేదు. కింది కోర్టుల గురించిన 233 నుంచి 237 దాకా కేంద్రం వైపు ఏమీ లేదు. సుప్రీంకోర్టు, హైకోర్టు అధ్యాయాలు మాత్రం గడికి గడి సరిపోవు. వాటిని బలవంతంగా జంట చేయలేదు.

ఖాళీ పెట్టెలు

పటంలో 7వ భాగం దగ్గర బూడిద రంగు గడి ఒకటి ఉంటుంది. ఆర్టికల్ 238. పుస్తకాల్లో '7వ భాగం: 1956లో 7వ సవరణతో రద్దు' అని ఒక ముక్క ఉంటుంది, అందరూ దాటిపోతారు. ఆ గడిని నొక్కితే అక్కడ ఏం ఉండేదో తెరుచుకుంటుంది. మొదటి షెడ్యూల్‌లోని 'బి' రాష్ట్రాల పాలన అక్కడ ఉండేది. ఆ రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒకటి, దానికి గవర్నర్ బదులు రాజప్రముఖ్‌గా నిజాం. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం 'ఎ' జాబితాలోది. అంటే 1956 నవంబరు 1 దాకా తెలుగువాళ్లు రాజ్యాంగంలోని రెండు వేర్వేరు భాగాల కింద బతికారు. 'అన్నా, మా తాతల కాలం ఈ గడిలో ఉందన్నమాట' అని ఒక అభ్యర్థి అన్నాడు. ఆ మాట విన్నాక రద్దయిన గడులను తీసేయాలన్న ఆలోచనే రాలేదు.

9వ భాగం కథ ఇంకోలా ఉంటుంది. 1950లో అది మొదటి షెడ్యూల్‌లోని 'డి' ప్రాంతాలది, అందులో 243 ఒక్కటే ఉండేది. 1956లో ఖాళీ అయింది. 1992 నాటి 73వ సవరణ ఆ ఖాళీ చోటులోకే పంచాయతీలను తెచ్చింది. కాబట్టి పటం అడుగున ఏళ్ల గీత ఒకటి పెట్టాం. 1950 దగ్గరకు జరిపితే అప్పటి రూపం కనిపిస్తుంది. ఎక్కువ మంది ఆడుకునేది దానితోనే. ఆస్తి హక్కు 1978 నాటి 44వ సవరణతో 19(1)(ఎఫ్), 31ల నుంచి తొలగి, 12వ భాగంలో 300-ఎగా మారుతుంది. ఆ గీత జరుపుతుంటే ప్రాథమిక హక్కుల్లో ఉన్న గడి వెలిసిపోయి, దూరంగా ఆర్థిక వ్యవహారాల భాగంలో, ఒకే ఆర్టికల్ ఉన్న అధ్యాయంలో కొత్త గడి వెలుగుతుంది. 'ఇప్పుడది ప్రాథమిక హక్కు కాదు, చట్టబద్ధమైన హక్కు' అన్న వాక్యం అప్పుడు కళ్లతో అర్థమవుతుంది.

రంగుల గురించి ఒక మాట. భాగానికో రంగు ఇస్తే 25 రంగులు కావాలి, కన్ను అన్ని రంగులను వేరు చేయలేదు. భాగం ఏదో చోటే చెబుతుంది. అందుకని రంగును ఆర్టికల్ స్థితికే వాడాం. అమల్లో ఉన్నది, రద్దయినది, కోర్టు కొట్టేసినది. మూడోది చాలా అవసరం. జడ్జీల నియామక కమిషన్ కోసం 99వ సవరణ తెచ్చిన 124-ఎ, 124-బి, 124-సి అచ్చు ప్రతుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి, కానీ 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. 9-బి భాగాన్ని 2021లో సుప్రీంకోర్టు ఒకటికి మించిన రాష్ట్రాల్లో పనిచేసే సహకార సంఘాలకు మాత్రమే మిగిల్చింది. ఆ గడులకు సగం గీతలు వేశాం. అచ్చులో ఉన్నదంతా అమల్లో ఉన్నట్టే అనుకుంటే పరీక్షలోనే కాదు, బయట కూడా చిక్కే.

చెట్టు చెప్పలేని సంబంధాలు

చెట్టులో ప్రతి గడికీ ఒకటే ఇల్లు. రాజ్యాంగంలో ఆర్టికల్స్ మాత్రం ఒకదాన్నొకటి పిలుచుకుంటూనే ఉంటాయి. వాటన్నిటికీ గీతలు గీస్తే తెర మొత్తం దారాల ముద్ద అవుతుంది. గీతలను కట్టలుగా కట్టి చూపే పద్ధతిని డానీ హోల్టెన్ 2006లో చెప్పారు. పెద్ద సాఫ్ట్‌వేర్ వ్యవస్థల మొత్తం తీరు చూడటానికి అది బాగా పనికొస్తుంది. మా అభ్యర్థికి మొత్తం తీరు అక్కర్లేదు. తను చదువుతున్న ఒక్క ఆర్టికల్ ఎవరితో మాట్లాడుతోందో చాలు. అందుకని గీతలు మామూలుగా కనిపించవు, ఒక గడిని నొక్కితే దానివి మాత్రమే వెలుగుతాయి.

368ని నొక్కితే ఎలా ఉంటుందో చెబుతాను. రాష్ట్రాల్లో సగానికి తగ్గకుండా ఆమోదం కావలసిన సవరణల జాబితా అందులో ఉంది. 54, 55, 73, 162, 241, 279-ఎ గడులు వెలుగుతాయి. వాటితోపాటు 5వ భాగం 4వ అధ్యాయం మొత్తం, 6వ భాగం 5వ అధ్యాయం మొత్తం, 11వ భాగం 1వ అధ్యాయం మొత్తం వెలుగుతాయి. పక్కన ఏడో షెడ్యూల్‌లోని మూడు జాబితాలు. చివరగా 368 కూడా. అంటే సుప్రీంకోర్టు, హైకోర్టులు, రాష్ట్రపతి ఎన్నిక, కేంద్ర రాష్ట్రాల కార్యనిర్వాహక అధికారం, శాసన అధికారాల పంపకం, జీఎస్టీ కౌన్సిల్. సమాఖ్య అంటే ఏమిటో ఆ వెలుగే చెబుతుంది. సాంకేతికంగా ఇక్కడ గమనించవలసింది ఒకటుంది: సంబంధం ఆర్టికల్ దగ్గరే ఆగదు, అధ్యాయం మీద కూడా పడుతుంది. కాబట్టి డేటాలో గీతకు చివర ఏ స్థాయి గడి అయినా ఉండగలగాలి. 'పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం' అన్న అంశానికి అక్కడ నంబరే లేదు. దాన్ని గీతగా కాక, మాటగానే పక్కన రాశాం.

షెడ్యూళ్లది వేరే చెట్టు. అయితే ప్రతి షెడ్యూల్ తల మీదా దాని ఆర్టికల్ నంబరు రాసే ఉంటుంది. ఐదోదానికి 244(1), ఏడోదానికి 246, తొమ్మిదోదానికి 31-బి, పదోదానికి 102(2), 191(2), పదకొండోదానికి 243-జి, పన్నెండోదానికి 243-డబ్ల్యూ. రెండు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చిన అభ్యర్థులు ముందు నొక్కింది గిరిజన ప్రాంతాల పాలన గురించిన ఐదో షెడ్యూలే.

కేశవానంద భారతి కేసులో 1973లో వచ్చిన 'మౌలిక స్వరూపం', అంటే సవరణతో కూడా చెరపకూడని రాజ్యాంగ మూలాలు ఉన్నాయన్న సూత్రం, ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ అయింది. రాజ్యాంగ పాఠంలో ఆ మాటకు చోటు లేదు. కొత్త గడి కడితే పటం అబద్ధం చెప్పినట్టవుతుంది. 368 గడికి అంచు మందంగా చేసి, తెరిస్తే తీర్పు సారం కనిపించేలా పెట్టాం. 'అన్ని సవరణలకూ అది గోడే కదా, అంచే సరైన చోటు' అన్నారు మాస్టారు.

తెర మీద తెలుగు

ఇంగ్లీషులో చేసిన ఐసికిల్ నమూనాలు తెలుగు పెట్టగానే విరిగిపోతాయి. వెబ్ బొమ్మలు గీసే ఎస్‌వీజీ ఫార్మాట్‌లో వాక్యం దానంతట అది కింది వరుసకు దిగదు, మనమే విరవాలి. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా అక్షరాలు లెక్కపెట్టి కోస్తే 'క్షమాభిక్ష' కాస్తా 'క్షమాభిక్' అవుతుంది. అక్షరాలను సరిగ్గా విడదీసే సెగ్మెంటర్ బ్రౌజర్లలో ఉంది కానీ, తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం కంప్యూటర్ అక్షరాల ప్రమాణమైన యూనికోడ్ 15.1లో, అంటే 2023లో వచ్చింది. అభ్యర్థుల చేతుల్లో పాత ఫోన్లే ఎక్కువ. కాబట్టి కోతను యంత్రానికి వదలకుండా ప్రతి ఆర్టికల్‌కూ మాస్టారి చేత రెండు పేర్లు రాయించాం. గడిలో పట్టేంత చిన్నది ఒకటి, తెరిస్తే కనిపించే పూర్తిది ఒకటి. చిన్నపేరు రాయడమే పెద్ద పని. వత్తులు కింది వరుసను తగలకుండా వరుసల మధ్య దూరం కూడా ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వాలి.

క్రమం ఇంకో చిక్కు. 371-ఎ నుంచి 371-జె దాకా తెలుగులో రాసి కంప్యూటర్‌ను వరుసలో పెట్టమంటే అది తెలుగు అక్షరమాల ప్రకారం పెడుతుంది. ఎ తర్వాత ఎఫ్ వస్తుంది, ఐ వస్తుంది, బి ఎక్కడో చివరకు పోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వర్తించే 371-డి ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే స్ప్రెడ్‌షీట్‌లో వరుస కోసం విడిగా ఒక కాలమ్ పెట్టాం. గడి గుర్తు, దాని తల్లి గడి, వరుస, చిన్నపేరు, పూర్తి పేరు, స్థితి, తెచ్చిన సవరణ. ఇవి ఉంటే పటం మొత్తం వాటి నుంచే పుడుతుంది. మాస్టారు కోడ్ ముట్టుకోకుండా షీట్‌లో దిద్దితే చాలు.

సెర్చ్‌లో ఒకరు 'ఆర్టికల్ 21' అంటారు, ఒకరు 'అధికరణ 21', ఒకరు 'ప్రకరణ 21', ఇంకొకరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు. అన్నిటికీ ఒకే గడి తెరుచుకోవాలి. 'గవర్నర్‌కు' అన్న మాటలో కనిపించకుండా దాగే విభజన గుర్తును తీసేసి పోల్చకపోతే ఉన్న మాట కూడా దొరకదు. జవాబు వచ్చినప్పుడు గడి పాపప్‌లో ఊడిపడకూడదు. పటమే అక్కడికి మెల్లగా జరిగి, భాగం, అధ్యాయం, ఉపశీర్షిక వెలిగి, చివరికి గడి తెరుచుకోవాలి. ఆ దారి చూడటమే చదువు.

ఫోన్‌లో నాలుగు నిలువు వరుసలు పట్టవు. అక్కడ రెండే చూపిస్తాం, మిగతావి సన్నటి పట్టీలుగా అంచున ఉంటాయి, మాయం కావు. చూస్తున్నది పెద్దగా, చుట్టూ ఉన్నది చిన్నగా ఉంచాలన్న ఈ ఆలోచన జార్జ్ ఫర్నస్ 1986లో రాసిన ఫిష్‌ఐ చూపులోది. క్లాజులను గడి తెరిచినప్పుడే గీస్తాం, లేకపోతే తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లు మొరాయిస్తాయి. స్క్రీన్ రీడర్ వాడే అభ్యర్థుల కోసం అదే డేటా నుంచి మెట్లుగా తెరుచుకునే జాబితా కూడా ఇచ్చాం. కీబోర్డు బాణాలతో అందులో తిరగొచ్చు. బొమ్మ కనిపించనివాళ్లకు బొమ్మ వెనకున్న అమరిక ఇంకా ముఖ్యం.

పనిచేసిందా?

ఖాళీ గడుల పటాన్ని కాగితం మీద అచ్చువేసి, 'బడ్జెట్ ఎక్కడ, ఎమర్జెన్సీ ఎక్కడ, ఎన్నికల సంఘం ఎక్కడ' అని అడిగాం. పటంతో చదివినవాళ్లు నంబరు గుర్తులేకపోయినా వేలు సరైన భాగం మీద పెట్టారు, అక్కడి నుంచి నంబరు దగ్గరకు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. మాకు కావలసింది సరిగ్గా ఆ నడకే. పట్టికలతో చదివినవాళ్లకు నంబరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కొందరు మాత్రం పటం చూసి 'ఇంత ఉందా సార్, టెన్షన్ వస్తోంది' అన్నారు. వాళ్లకు మొదట 3వ భాగం ఒక్కటే తెరిచి, మిగతాది మడిచి ఇస్తే కుదురుకున్నారు.

ఇప్పుడు కొత్త సవరణలను చేరుస్తున్నాం. మహిళా రిజర్వేషన్ కోసం 2023 నాటి 106వ సవరణ 330-ఎ, 332-ఎ, 334-ఎలను తెచ్చింది. మూడు గడులు పెరిగితే 16వ భాగం మాత్రమే కొంచెం సాగింది, పక్క భాగాల వరుస అలాగే ఉంది. కానీ ఆ రిజర్వేషన్లు జనగణన, ఆపై డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) జరిగాకే మొదలవుతాయని 334-ఎ చెబుతోంది. నివారక నిర్బంధం (నేరం జరగకముందే ముందుజాగ్రత్తగా నిర్బంధించడం) గురించిన ఆర్టికల్ 22 క్లాజులను మార్చాలని 44వ సవరణ చెప్పింది, ఆ ముక్కను మాత్రం అమల్లోకి తేలేదు. మా మూడు రంగుల్లో వీటికి చోటు లేదు. పాఠం ఆమోదం పొంది, అమలు కోసం ఎదురుచూస్తున్న స్థితికి నాలుగో గుర్తు కావాలి. దాన్ని ఆర్టికల్ స్థాయిలో కాక క్లాజు స్థాయిలో చూపడం మీదే మాస్టారూ నేనూ ప్రస్తుతం పనిచేస్తున్నాం.